హెగెల్ ఉపన్యాస ప్రతులు

జర్మన్ తత్వవేత్త గియోర్గ్ విల్హెల్మ్ ఫ్రీడ్రిష్ హెగెల్ (1770–1831) హైడెల్‌బర్గ్, బెర్లిన్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతుండగా విద్యార్థులు రాసుకున్న నోట్సులివి. కళ, మతం, ప్రపంచ చరిత్ర, తత్వశాస్త్ర చరిత్ర గురించి హెగెల్ పేరుతో చలామణీలో ఉన్న లావుపాటి పుస్తకాలేవీ ఆయన స్వయంగా అచ్చుకిచ్చినవి కావు. అవన్నీ ఈ నోట్సుల మీద నిలబడ్డవే. నేటి హెగెల్ పరిశోధనలో ఒక ముఖ్య భాగం వాటిని విడదీసి, ఏది ఏ ఏటి మాటో తేల్చే పని.

హెగెల్ మంచి వక్త కాదు. స్వాబియా యాసలో, మధ్యమధ్య దగ్గుతూ, కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ చెప్పేవాడని శిష్యుడు హైన్రిష్ గుస్టావ్ హోతో వర్ణించాడు. కొందరు తరగతిలోనే గబగబా రాసుకునేవారు. కొందరు ఇంటికి వెళ్లి సాపు చేసుకునేవారు. సాపు ప్రతి చదవడానికి హాయిగా ఉంటుంది కానీ అందులో గురువు ఎంత, శిష్యుడు ఎంత అన్నది తేలదు. తరగతిలో గీకినదాంట్లో వాక్యాలు తెగిపోతాయి, అయినా పరిశోధకులు దాన్నే ఎక్కువగా నమ్ముతారు. పైగా హెగెల్ ఏటా ఒకే పాఠం అప్పజెప్పలేదు. ప్రపంచ చరిత్రను బెర్లిన్‌లో 1822–23 నుంచి 1830–31 దాకా ఐదుసార్లు చెబితే, ప్రతిసారీ ఏదో ఒకటి మారింది.

ఆయన పోయాక మిత్రులు, శిష్యులు కలిసి 1832 నుంచి రచనలన్నీ అచ్చు వేశారు. వేర్వేరు ఏళ్ల నోట్సులు కలిపి ఒకే పుస్తకంగా కుట్టడం వారికి తప్పుగా తోచలేదు. గురువు దర్శనం సంపూర్ణంగా కనబడాలన్నదే వారి ధ్యేయం. చరిత్ర ఉపన్యాసాలను 1837లో ప్రచురించిన ఎడ్వర్డ్ గాన్స్, మొదటిసారి చెప్పినప్పుడు చైనా భాగం విసుగు పుట్టించేంత సాగిందనీ, దాన్ని తాను కుదించాననీ ముందుమాటలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. భారతదేశం గురించి హెగెల్ అన్న కటువైన మాటలను మన దగ్గర తరచూ ఉదహరించేదీ ఇలా కూర్చిన పుస్తకం నుంచే. ఆయన స్వయంగా రాసి అచ్చు వేయించిన మాట కావాలంటే, జర్మన్ భాషావేత్త విల్హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ భగవద్గీత వ్యాసంపై 1827లో వచ్చిన సమీక్ష చూడాలి.

ఎక్కువ వివాదం సౌందర్యశాస్త్రం చుట్టూ నడిచింది. హోతో 1835–38లో తెచ్చిన మూడు సంపుటాల్లో అతని సొంత కూర్పు చాలా ఉందని హెగెల్ పరిశోధకురాలు అనెమారీ గేత్‌మన్-సీఫర్ట్ వాదించారు. భావం ఇంద్రియాలకు ప్రకాశించడమే సౌందర్యమన్న ప్రసిద్ధ నిర్వచనం దొరికిన బెర్లిన్ నోట్సుల్లో కనబడదన్నది ఆమె చూపిన ప్రధాన ఆధారం. హోతో చేతిలో ఉన్న హెగెల్ సొంత నోటుపుస్తకాలు తర్వాత పోయాయి కాబట్టి, అతను కల్పించాడని ఖాయంగా అనలేం.

రాజకీయ తత్వంలో తగవు ఇంకో రకం. జర్మన్ రాజ్యాల కార్ల్‌స్బాడ్ ఉత్తర్వులతో 1819లో సెన్సార్ బిగిశాక హెగెల్ 1820లో తన న్యాయ తత్వం పుస్తకాన్ని మెత్తబరిచాడని, తరగతిలో మాత్రం ఉదారంగా మాట్లాడాడని పరిశోధకుడు కార్ల్-హైన్జ్ ఇల్టింగ్ 1970లలో ప్రతిపాదించాడు. ఈ వాదం అందరికీ రుచించలేదు. ఆ న్యాయ తత్వ పాఠాలకే 1819–20 నాటి నోట్సు ఒకటి అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో బయటపడగా, దాన్ని జర్మన్ తత్వవేత్త డీటర్ హెన్రిష్ 1983లో ప్రచురించాడు.

బాన్‌లో 1958లో పుట్టి 1968లో బోహుమ్‌కు మారిన హెగెల్ ఆర్కైవ్ ఈ పరిశోధనకు కేంద్రం. అక్కడ సిద్ధమైన రచనా సంపుటాలను హాంబర్గ్‌కు చెందిన ఫెలిక్స్ మైనర్ సంస్థ 1968 నుంచి ప్రచురిస్తోంది. మొదటి 22 సంపుటాలు హెగెల్ స్వయంగా రాసినవాటికి కేటాయించారు. ఆ తర్వాతి ఉపన్యాస సంపుటాల్లో ఏ ఏటి నోట్సు ఆ ఏడాదికే విడిగా ఉంటుంది. చదవడానికి ఇవి హోతో పుస్తకమంత సాఫీగా ఉండవు. అందుకే పాత కూర్పులు తరగతి గదుల్లోంచి ఇంకా పోలేదు.

2022లో యేనా ఆచార్యుడు క్లౌస్ ఫీవెగ్‌కు మ్యూనిక్–ఫ్రైజింగ్ ఆర్చ్‌డయోసిస్ గ్రంథాలయంలో 4,000కు పైగా పుటల నోట్సు దొరికింది. అవి హైడెల్‌బర్గ్ శిష్యుడు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ కరోవే రాసుకున్నవి. విద్యార్థి ఉద్యమ నాయకుడైన కరోవేను బెర్లిన్‌లో సహాయకుడిగా పెట్టుకోవాలని హెగెల్ ఆశించినా, రాజకీయ అనుమానాల వల్ల కుదరలేదు. ఈ కాగితాల్లో పరిశోధకుల ఆసక్తి ఎక్కువగా సౌందర్యశాస్త్ర భాగం మీదే ఉంది. హైడెల్‌బర్గ్‌లో ఆ విషయంపై హెగెల్ చెప్పిన పాఠాలకు అప్పటిదాకా నోట్సే లేదు. ఆ ప్రసిద్ధ నిర్వచనం హోతోదా, లేక బెర్లిన్‌కు రాకముందే హెగెల్ నోట వచ్చిందా అన్న ప్రశ్నను ఇక ఈ పుటలతో పోల్చి అడగవచ్చు.