ఎలుగుబంటి ఫోటోకి లాటరీ: మెక్‌నీల్ నది కథ

అలాస్కాలో ఒక చోట ఎలుగుబంట్లను ఫోటో తీయాలంటే ముందు లాటరీ తగలాలి. జోక్ కాదు. ఆంకరేజ్ నగరానికి నైరుతిగా చాలా దూరంలో మెక్‌నీల్ నది ఉంది. రోడ్డు లేదు, చిన్న విమానంలో వెళ్లాల్సిందే. జూన్ 7 నుంచి ఆగస్టు 25 దాకా జలపాతం దగ్గరికి రోజుకి 10 మందినే పంపిస్తారు. ఎందుకంత పిసినారితనం? అదే ఈ రోజు టాపిక్.

వేసవిలో సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈ నదిలోకి ఎదురీదుతూ వస్తాయి. జలపాతం దగ్గర వాటి వేగం తగ్గుతుంది. అంతే, చుట్టుపక్కల బ్రౌన్ బేర్‌లన్నీ అక్కడే. మామూలుగా ఇది ఒంటరిగా తిరిగే జంతువు. అలాంటిది 2011లో ఒకేసారి 74 ఎలుగులను లెక్కపెట్టారు. పెళ్లి భోజనాల్లో రెండో బంతి కోసం కుర్చీల వెనక నిలబడతాం చూడండి, అలా వంతు కోసం ఎదురుచూస్తుంటాయి.

1954లో సెసిల్ రోడ్ అనే ఆయన ఇక్కడ తీసిన ఫోటోలు నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. మరుసటి ఏడాది ఇక్కడ వేట నిషేధించారు. 1967లో అభయారణ్యంగా ప్రకటించారు. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఫోటోలు చూసిన జనం కెమెరాలతో దిగిపోయారు. ఎవరు ఎక్కడ నిలబడాలో లెక్క లేదు. 1970ల మొదట్లో చూస్తే, మనుషులు పెరిగారు, ఎలుగులు తగ్గిపోయాయి.

సర్వర్ మీద లోడ్ ఎక్కువైతే మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఇంకో సర్వర్ తెస్తాం. నదికి ఆ వీలు లేదు కదా. అందుకే అలాస్కా వన్యప్రాణి శాఖ 1973లో యూజర్లకే కోత పెట్టింది. పర్మిట్, లాటరీ అప్పటి నుంచే.

1976లో లారీ ఆమిల్లర్ వచ్చాడు. 30 సీజన్లు అక్కడే పనిచేశాడు. నా దృష్టిలో ఈ కథకి అసలు హీరో ఈయనే. రోజూ అదే దారి, అదే టైమ్, అదే చోట గుంపుగా నిలబడటం, తిండి ముక్క ఒక్కటి కూడా ఎలుగు నోటికి అందనివ్వకపోవడం. కర్ణాటకలోని దరోజీలో ఎలుగులు కనబడాలని బండలకు బెల్లం పూస్తారు, ఇది దానికి పూర్తిగా రివర్స్. మెల్లగా ఎలుగులు మనుషుల్ని పట్టించుకోవడం మానేశాయి. కొన్ని తల్లులైతే పెద్ద మగ ఎలుగుల భయానికి పిల్లల్ని తెచ్చి మనుషుల దగ్గర వదిలి చేపల వేటకి వెళ్తాయి! పర్మిట్ పద్ధతి వచ్చాక ఇక్కడ ఎలుగు వల్ల ఎవరూ గాయపడలేదు.

అయితే మనిషిని చూసి పారిపోని ఎలుగు, తుపాకీ ఉన్నవాడిని చూసినా పారిపోదు. అభయారణ్యం గీత దానికి కనబడదు కదా. 2005లో ఆ గీతను ఆనుకున్న భూముల్లో వేటకి అనుమతిస్తామని రాష్ట్ర వేట బోర్డు నిర్ణయించింది. మమ్మల్ని నమ్మడం నేర్పించి వాటిని తుపాకీ ముందుకి ఎలా పంపాలి అన్నది ఆమిల్లర్ బాధ. ఆయన ఉద్యోగం వదిలేశాడు. జనం నుంచి గట్టిగా వ్యతిరేకత వచ్చింది, 2007లో బోర్డు వెనక్కి తగ్గింది.

లాటరీకి అప్లై చేయడానికి గడువు మార్చి 1.