యంత్రమునకు నాడి చూచుట

కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. కంటికి కనబడని పగులును చప్పుడు బయట పెట్టును. వస్తువు లోపలి స్థితిని ధ్వనినిబట్టి గ్రహించు ఈ ఉపాయమే కారులోనికి వెచ్చని గాలిని, చల్లని గాలిని పంపు యంత్రముల లోపములను కనుగొనుటకును ఆధారము. దీని వెనుక మూడు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు.

గడియారపు కదలిక చెవికి వినబడునట్లే, జీవుల శరీరములోని కదలికలను కూడ వాటి ధ్వనినిబట్టి తెలిసికొనవచ్చునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ ఊహించెను. ఆయన మరణానంతరము 1705లో వెలువడిన రచనలలో ఈ ఊహ కలదు. దీనిని ఆచరణలోనికి తెచ్చినవారు వైద్యులు. 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఆయెన్‌బ్రుగ్గర్ రోగి రొమ్మును వ్రేళ్ళతో తట్టి వ్యాధిని గుర్తించు పద్ధతిని ప్రకటించెను. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి, ఒక కొనను రోగి రొమ్మున ఆనించి, రెండవ కొనవద్ద చెవినుంచి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు పుట్టుక ఇట్టిది. లోహపు కడ్డీ అమర్చిన స్టెతస్కోపును నేడు మెకానిక్కులును వాడుచున్నారు.

అయితే వినుట మాత్రమే చాలదు, లెక్కింపవలెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సవార్ 1830 ప్రాంతమున పండ్ల చక్రమును త్రిప్పుచు దానికి అట్టముక్కను తాకించి ప్రయోగములు చేసెను. సెకనుకు ఎన్ని పండ్లు అట్టను తాకునో, ధ్వని పౌనఃపున్యము అంతయే. చక్రవేగము రెట్టింపైనచో పౌనఃపున్యమును రెట్టింపగును.

ఈ చక్రము కారులోనికి మరియొక రూపమున ప్రవేశించెను. అమెరికాలోని నాష్ సంస్థ తన 1938 నమూనా కార్లలో బయటి గాలిని వడగట్టి, ఇంజను నుండి వచ్చు వేడినీటి గొట్టములపై ప్రసరింపజేసి, లోనికి పంపు ఏర్పాటు చేసెను. నేటి కార్లలో ఈ గాలిని నెట్టునది, అంచు చుట్టును సన్నని రేకులు గల డోలువంటి పంకా. దీనికి 40 రేకులుండి, అది నిమిషమునకు 1500 సార్లు, అనగా సెకనుకు 25 సార్లు తిరుగుచున్నదనుకొందము. ఒక ఎండుటాకు పంకా గూటిలో చిక్కుకొని రేకులకు తగులుచున్నచో సెకనుకు 25 × 40 = 1000 తాకిళ్ళు కలిగి, కీచుమను ధ్వని పుట్టును. అదే ఆకు పంకాకే అంటుకొని గూటిగోడను కొట్టుచున్నచో, చుట్టునకొక్కటి చొప్పున సెకనుకు 25 తాకిళ్ళే కలిగి, ధ్వని గురగురమనును. ఆకు ఒక్కటే, స్థానమునుబట్టి స్వరము మారినది.

లోపమెక్కడనో తెలియుటకు ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చి చూడవలెను. ఇంజనును అట్లే ఉంచి పంకావేగము మార్చినప్పుడు ధ్వని మారినచో, దోషము పంకాలో కలదు. పంకాను ఆపినను ధ్వని నిలువక ఇంజను వేగముతో మారుచున్నచో, బెల్టును లేక చల్లదనమునిచ్చు కంప్రెసరును పరీక్షింపవలెను. వేడిని, చలిని మార్చినపుడు మాత్రమే కొద్దిసేపు టకటకమన్నచో, గాలి దారిని మళ్ళించు తలుపును నడుపు చిన్న మోటారులో పండ్లు విరిగియుండవచ్చును.

ప్రతి చప్పుడును దోషము కాదు. 1940 నమూనా ప్యాకార్డ్ కార్లలోని శీతలయంత్రమునకు క్లచ్ లేదు. చలి వద్దనుకొన్నవారు ఇంజను ఆపి బెల్టును ఊడదీయవలసియుండెను. తరువాత వచ్చిన విద్యుదయస్కాంత క్లచ్ ఈ శ్రమను తొలగించెను. కంప్రెసరు పనిలోనికి వచ్చునపుడు వినబడు ‘టక్’ మను శబ్దము దానిదే, అది సహజము.

ఉపేక్షింపరాని ధ్వని మరియొకటి కలదు. ముందు పలక వెనుక నీళ్ళు గుడగుడలాడినట్లు వినబడినచో, వేడినీటి గొట్టములలో గాలి చేరినదని అర్థము. నీరు కారిపోవుచుండుట దీనికొక కారణము. నీరు తగ్గినచో ఇంజను మితిమీరి వేడెక్కి పాడగును. నీరు అంటని ఉష్ణమాపకము ఒక్కొక్కప్పుడు తక్కువ వేడినే చూపును గనుక, కంటికంటె ముందు చెవియే హెచ్చరించును. అప్పుడు బండిని ఆపి, ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే నీటిమట్టము చూడవలెను. వేడిగా ఉండగా మూత తీసినచో మరుగు నీరు పైకెగజిమ్మి ఒళ్ళు కాలును.

నేడు కంప్యూటరు ఒక ధ్వనిని దానిలోని పౌనఃపున్యములుగా విడదీసి చూపుచున్నది. దీనికి మూలమైన గణితమును ఫూరియే 1822లో ప్రకటించిన గ్రంథమున వివరించెను; ఆ లెక్కను వేగముగా చేయు పద్ధతిని కూలీ, ట్యూకీ అనువారు 1965లో ప్రకటించిరి. అయినను మూలసూత్రము సవార్ చక్రమునదే. దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. సైకిలును తలక్రిందులుగా నిలిపి, వెనుక చక్రమును త్రిప్పి, స్పోకులకు పోస్టుకార్డు అంచును తాకింపవలెను. స్పోకులు 40 అయి, చక్రము సెకనుకు 2 చుట్లు తిరిగినచో 80 తాకిళ్ళు కలుగును. చక్రము మందగించిన కొలది స్వరము దిగిపోవుట విద్యార్థులు తమ చెవులతోనే గ్రహింతురు.