పొగ పోయినది, కట్టె మిగిలినదా?

మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో మంట రాజేసిన వారికి పొగ సంగతి వేరే చెప్పనక్కరలేదు. శాస్త్రరీత్యా చూచినచో పొగ అనగా కాలకుండ తప్పించుకొన్న కట్టెయే. తగినంత ప్రాణవాయువు, తగినంత వేడిమి దొరకనప్పుడు కట్టెనుండి వెలువడిన వాయువులు సగము కాలి బయటపడును. వానిలో కార్బన్ మోనాక్సైడు మనిషికి విషము. మీథేను, మసి భూగోళమును వేడెక్కించును.

ఈ పొగను వంటయింటినుండి వెళ్ళగొట్టుటకు జరిగిన ప్రయత్నములలో హైదరాబాదుకు మంచి స్థానమున్నది. వార్ధాలో 1947 నాటి 'మగన్ చూలా' తరువాత, హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు మరొక మట్టి పొయ్యిని రూపొందించి, 1953 లో దానిని గురించి ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. మంట ఒక కుండ క్రిందనుండి మరొక కుండ క్రిందికి సాగి, మిగిలిన పొగ గొట్టము గుండా ఇంటి పైకి పోవును. ఊరి మట్టితోనే కట్టుకొనవచ్చును. అదే దాని గొప్ప.

1983 లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును చేపట్టినది. 2002 లో అది ముగియులోపల మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచిరి. కాని పెక్కు ఇండ్లలో గొట్టములు మసితో పూడుకొనెను, పొయ్యిలు బీటలు వారెను. అంతకన్న లోతైన చిక్కు మరొకటి ఉన్నది. గొట్టము గాలిని బలముగా లాగినప్పుడు పొగతోపాటు వేడియు పోవును. మందపాటి మట్టి గోడలు మరికొంత వేడిని త్రాగివేయును. పొగ పోవుట వేరు, కట్టె ఆదా అగుట వేరు. ఆడవారి కండ్లకు, ఊపిరితిత్తులకు మొదటిదొక్కటే ఎంతో మేలన్న మాట నిజమే.

రెండవదానికి కొత్త పొయ్యియే కావలెనని లేదు. 30 డిగ్రీల నీటిని గ్రామునకు 70 కెలోరీలతో 100 డిగ్రీలకు తేవచ్చును. ఆ గ్రామే ఆవిరియై పోవుటకు మరి 540 కెలోరీలు కావలెను. మూతలేని గిన్నెలో ఎసరును ఎంత కుతకుత మరిగించినను అది 100 డిగ్రీలను దాటదు. బియ్యము త్వరగా ఉడకదు, నీరు మాత్రము ఇగిరిపోవును. గ్యాసు పొయ్యి మీదను ఇదే లెక్క.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒకే విధమైన రెండు గిన్నెలలో సమానముగా నీరు పోసి మరిగించి, ఒకదానిని మూతలేక పెద్ద సెగపైన, రెండవదానిని మూతపెట్టి సన్నని సెగపైన పది నిమిషములు ఉంచవలెను. తరువాత రెంటిని తూచి, తగ్గిన ప్రతి గ్రామునకు 540 కెలోరీల చొప్పున విద్యార్థులచేత లెక్క కట్టించవలెను.