నిర్మల్ గంజీఫా: ఆట వస్తువు నుంచి సేకరణ వస్తువు దాకా

చేతిలో ఇమిడే చిత్రాన్ని గీయడం, అమ్మడం, సేకరించడం మన ప్రాంతానికి కొత్త కాదు. బాన్సువాడకు ఉత్తరాన, గోదావరి అవతల ఉన్న నిర్మల్‌లో నకాషీ కళాకారులు గంజీఫా అనే గుండ్రని పేక ముక్కలను చిత్రించేవారు.

1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కు గంజీఫా పంపినట్లు బాబర్‌నామా తెలుపుతుంది. మొగలు గంజీఫాలో 8 గుర్తులు, 96 ముక్కలు ఉంటాయి. దశావతార గంజీఫాలో ఒక్కో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు: రాజు, మంత్రి, 1 నుంచి 10 వరకు అంకెల ముక్కలు.

కొనేవారిని బట్టి పనితనం మారేది. సంపన్నులకు దంతం, తాబేటి చిప్పలపై చేసిన పేకను ‘దర్బార్ కలం’ అనీ, సామాన్యులకు బట్ట, కాగితం అట్టలపై చేసినదాన్ని ‘బజార్ కలం’ అనీ వ్యవహరించారు. అయితే రెండింటికీ నియమం ఒక్కటే: వెనుకవైపు అన్ని ముక్కలూ ఒకేలా ఉండాలి. ఒక్క ముక్కపై మచ్చ పడినా ఎదుటివారు పోల్చుకుంటారు.

ఐరోపా అచ్చు పేక చౌకగా దొరకడంతో ఈ నియమమే చిత్రకారునికి ప్రతికూలమైంది. ఒకేలా ఉండే ముక్కలను తయారుచేయడంలో చేయి యంత్రంతో పోటీపడలేదు. నేటి సేకర్తలు మాత్రం చేతిగీతలోని తేడానే కోరుకుంటారు. ఆటలో దోషమైనది సేకరణలో విలువైంది. కాని పేక అరిగితే ఆటగాడు మళ్లీ కొంటాడు. సేకర్త ఒకసారి కొని దాచుకుంటాడు. అందువల్ల ముక్కలు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నా, చిత్రకారుని జీవనోపాధికి ఆ భద్రత లేదు.

అభ్యాసం: మీ ప్రాంతంలో వాడుక తగ్గి అలంకరణగా మిగిలిన ఒక చేతివృత్తి వస్తువును గుర్తించి, దాని కొనుగోలుదారులు ఎలా మారారో వివరించండి.