వ్యాధిని లెక్కచేయని మిత్రుడు – మౌలానా మహమ్మదాలీ

మౌలానా మహమ్మదాలీ జౌహర్ పేరు వినగానే మనకు ఖిలాఫత్ ఉద్యమం, అలీ సోదరులు, వారి తల్లి బీ అమ్మా గుర్తుకు వస్తారు. ఆయన ఎన్నో జబ్బులతో బ్రతికిన మనిషి అన్న సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము. ఆయన మిత్రులు ఆయన్ను ఎట్లా తలచుకున్నారో మన పిల్లలకు తెలియదు. ఈ రెండు సంగతులనే ఇక్కడ మనవి చేస్తున్నాము.

1878లో రాంపూర్‌లో పుట్టి, అలీగఢ్‌లోను ఆక్స్‌ఫర్డ్‌లోను చదివి, 1911లో కలకత్తాలో 'కామ్రేడ్' పత్రిక పెట్టిన ఈయనకు మన తెలుగుదేశంతో గట్టి సంబంధమే వుంది. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు వెళుతూ వుండగా వాల్తేరు స్టేషనులో ఆయన్ను అరెస్టు చేశారు. బ్రిటిషు సైన్యంలో ముస్లిములు కొలువు చేయరాదని కరాచీ సభలో తీర్మానించడమే నేరం. గాంధీజీ కళ్ల ముందే ఇది జరిగింది. అప్పుడే చొక్కా, టోపీ తీసివేద్దామనిపించిందని, నలుగురిలో ఆర్భాటంగా కనిపిస్తుందేమోనని ఆగానని ఆయనే తరువాత రాసుకున్నారు. వారం తిరిగేసరికి మధురలో కొల్లాయి కట్టారు. మహాత్ముడి కొల్లాయి వెనుక పేదల దుఃఖంతో పాటు ఒక స్నేహితుడి అరెస్టు కూడా వుందన్నమాట!

కరాచీ కేసులో మౌలానాకు రెండేళ్ల కఠిన శిక్ష పడింది. ఆయన జైలులో వున్న కాలంలోనే, 1922 జనవరిలో, కెనడాలోని టొరంటోలో మొట్టమొదటిసారిగా ఒక పిల్లవాడికి ఇన్సులిన్ ఇచ్చారు. షుగరుకు ఈనాడు మనం వేసుకునే మాత్రలు 1950లలోగాని వాడుకలోకి రాలేదు. ఆ రోజుల్లో షుగరు జబ్బు అంటే ఏమిటో దీన్నిబట్టి వూహించుకోవచ్చు.

జైలు నుంచి వచ్చిన ఏడాదే, 1923 డిసెంబరులో, కాకినాడ కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులయ్యారు. జవహర్‌లాల్ నెహ్రూను పట్టుబట్టి కార్యదర్శిని చేశారు. ఇద్దరికీ పొత్తు కుదిరిందా అంటే, రోజూ వాదనే! ఉత్తరాలలో పేర్ల ముందు బిరుదులు వద్దని నెహ్రూ తీసివేస్తే, పాత పద్ధతే పాటించాలని, ముఖ్యంగా గాంధీజీని 'మహాత్మ' అనే రాయాలని మౌలానా తంతి కొట్టారు. దేవుడి మీద వాదించుకునేవారు. నెహ్రూ ఎంత కాదన్నా, నీవు లోలోపల భక్తిపరుడివే అని మౌలానా అనేవారట. 1936లో వెలువడిన ఆత్మకథలో నెహ్రూ ఇవన్నీ ఆప్యాయంగా రాశారు.

తరువాత దారులు వేరయ్యాయి. 1928 నాటి నెహ్రూ రిపోర్టును మౌలానా ఒప్పుకోలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో ముస్లిములు చేరవద్దన్నారు. 1924లో గాంధీజీ హిందూ ముస్లిముల ఐక్యత కోసం 21 రోజుల నిరాహారదీక్ష మొదలుపెట్టింది ఢిల్లీలో ఈ మౌలానా ఇంట్లోనే. అటువంటి స్నేహానికి ఎంత దెబ్బ! ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది చరిత్రకారులు ఈనాటికీ తేల్చుకుంటూనే వున్నారు. మేము తీర్పు చెప్పబోము.

1930 నాటికి ఆయన శరీరం పూర్తిగా దెబ్బతిన్నది. అయినా రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లారు. వెంట భార్య అమ్జదీ బేగం వున్నారు. అక్కడి ప్రసంగంలో గుండె, కళ్లు, కాలు, షుగరు అంటూ తన జబ్బుల పట్టికను తానే చదివి, అందులోనూ ఒక చమత్కారం విసిరారు. స్వాతంత్ర్యమైనా ఇవ్వండి, లేకపోతే ఇక్కడే సమాధికి జాగా అయినా ఇవ్వండి అన్న భావంతో మాట్లాడారు. 1931 జనవరి 4న లండన్‌లోనే కన్నుమూశారు. వయసు 52 ఏళ్లు. జెరూసలేములో హరమ్ షరీఫ్ చెంతనే సమాధి చేశారు.

మన కుటుంబాలలో ఈనాడు షుగరు లేని ఇల్లు తక్కువ. ధైర్యం విషయంలో మౌలానాను ఆదర్శంగా తీసుకుందాం. వొంటి సంగతిలో మాత్రం వద్దు. ఆయన కాలంలో లేని మందులు, పరీక్షలు మనకున్నాయి. కళ్లు, కాళ్లు చూపించుకోవడానికి బద్ధకిస్తే అది ధైర్యం అనిపించుకోదు.

ఇంకొక్క మాట. నెహ్రూ తన మిత్రుడిని తలచుకున్నప్పుడు తగాదాలు దాచలేదు, ప్రేమా దాచలేదు. జబ్బుతో మంచాన పడి, మనతో మాట పట్టింపు వచ్చిన స్నేహితుడు మనలో ఎవరికైనా వుంటే, ఈ సంచిక మడిచిపెట్టి ఒకసారి వెళ్లి పలకరించి రండి. పోయిన తరువాత రాసే నాలుగు మాటలకన్నా అదే మేలు.