ఒకే గదిలో ఇద్దరు బాటసారులు

యూరప్ సత్రాల్లో ఒకప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే మంచం మీద పడుకునేవారనీ, నాగరికత పెరిగి, దాంతోపాటే సిగ్గూ పెరిగి, క్రమంగా ఎవరి గది వారికి ఏర్పడిందనీ చాలా పుస్తకాలు చెబుతాయి. ఈ వాదానికి బలమైన రూపం ఇచ్చినవాడు జర్మన్ సామాజికవేత్త నార్బర్ట్ ఎలియాస్. 1939లో వెలువడిన ఆయన గ్రంథం మర్యాదల చరిత్ర రాసేవారికి నేటికీ ఆధారమే. దాని మీద నాకు గౌరవం ఉంది. అయితే సత్రం గడప దగ్గరికి వచ్చేసరికి ఆ వివరణ సరిపోదు. ధర సంగతికి అందులో తగినంత చోటు దక్కలేదు.

తొలి దశ అందరికీ తెలిసిందే. ఫ్రాన్స్‌లోని ఓతున్ చర్చిలో 12వ శతాబ్దపు శిల్పం ఒకటుంది. అందులో బైబిల్ కథలోని ముగ్గురు రాజులు కిరీటాలు తీయకుండానే ఒకే దుప్పటి కింద నిద్రపోతుంటారు. 1523లో డచ్ పండితుడు ఎరాస్మస్ జర్మన్ సత్రాలను వెక్కిరిస్తూ, వచ్చినవారందరినీ ఒకే వెచ్చని హాలులో కుక్కేవారని రాశాడు. ఇంగ్లండ్‌లోని వేర్ ఊరి సత్రంలో 1590 ప్రాంతపు మంచం వెడల్పు మూడు మీటర్ల పైమాటే. దాన్ని అందరూ ఉదాహరిస్తారు. కానీ అది జనాన్ని రప్పించడానికి చేసిన వింతలా కనిపిస్తుందే తప్ప, మామూలు మంచాలకు సాక్ష్యంగా నిలవదు.

అసలు చిక్కు 16 నుంచి 18వ శతాబ్దం దాకా ఉన్న కాలంతోనే. 1580-81లో జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ తిరిగిన ఫ్రెంచ్ రచయిత మాంటేన్, తనకు ఒంటరిగా, భార్య కూడా పక్కన లేకుండా, రాజుల తీరున పడుకోవడమే ఇష్టమని తన వ్యాసాల్లో రాసుకున్నాడు. ఏకాంతం మీద కోరిక అప్పటికే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? 'రాజుల తీరున' అనడంలోనే దాని ఖరీదు తెలుస్తోంది. 1530లో పిల్లలకు మర్యాదలు నేర్పుతూ ఎరాస్మస్, పక్కలో మరొకరుంటే కదలకుండా పడుకోమనీ దుప్పటి లాగవద్దనీ చెప్పాడు. ఫ్రెంచ్ మతగురువు లా సాల్ మర్యాదల పుస్తకం 1729 ప్రతిలో, ప్రయాణంలో తప్పనిసరై మంచం పంచుకోవలసి వస్తే పక్కవాడికి తగలకుండా పడుకోవాలని ఉంది. గొంతు మారిందని ఒప్పుకుంటాను. ఎలియాస్ గమనించింది అదే. కానీ రెండు వందల ఏళ్లు గడిచాక కూడా దారిలో పక్కలో మరొకరు ఉండవచ్చనే ఆ పుస్తకం అనుకుంటోంది. బుద్ధులు మారినా మంచం మారలేదు.

మంచాన్ని మార్చింది రైలు అని నా అభిప్రాయం. పారిస్‌లో 1855 ప్రపంచ ప్రదర్శన కోసం రైల్వే పెట్టుబడిదారులైన పెరేర్ సోదరులు వందల గదుల లూవ్ర్ హోటల్ కట్టించారు. అదే ఏడాది ఇంగ్లిష్ యాత్రల వ్యాపారి థామస్ కుక్ తన యాత్రికులను తొలిసారి యూరప్ ఖండానికి తీసుకెళ్లాడు. 1868 నాటికి ఆయన హోటల్ కూపన్లు వచ్చాయి. తలకు ఇంత అని డబ్బు ముందే చెల్లిపోయేది. బేడెకర్ ప్రయాణ గైడ్లలో గది అద్దె, దీపం, సేవ వేర్వేరు ఖర్చులుగా కనిపిస్తాయి. ఒక గదిలో ఒకరున్నా ఇద్దరున్నా గోడలకయ్యే ఖర్చు ఒకటే. అందువల్ల తెలిసిన ఇద్దరిని జంటగా దింపుకోవడం హోటల్‌కు లాభసాటి అయిందని నా ఊహ. అపరిచితుడు మంచం మీద నుంచి వెళ్లిపోయాడు, తోటి ప్రయాణికుడు గదిలోకి వచ్చాడు.

ఈ మార్పు డబ్బున్నవారికే అందింది. అదే కాలంలో బెర్లిన్ కార్మికులు పరాయి ఇళ్లలో మంచాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకునేవారు. వాళ్లకు సిగ్గు తక్కువని ఎవరంటారు? నీతి ప్రమేయం అసలే లేదని నేను అనను. పెళ్లికాని జంటకు గది ఇచ్చిన జర్మన్ యజమానిని 1969, 1973 చట్ట సంస్కరణల దాకా కోర్టుకు ఈడ్చే వీలుండేది. అయితే ఆ భయం స్త్రీపురుషుల గురించి. ఇద్దరు వర్తకుల గురించి ఎవరికీ పట్టలేదు. కానీ నీతి పట్టింపు అంతటితో పోలేదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 2008లో ఇద్దరు పురుషుల జంటకు డబుల్ రూమ్ నిరాకరించిన గెస్ట్‌హౌస్ యజమానులది వివక్షేనని 2013లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అది సరైన తీర్పు, ఆలస్యంగానైనా.

నేటి పరిస్థితి నాకు తృప్తిగా లేదు. హైదరాబాద్ నుంచి యూరప్ టూర్ వేసే సంస్థలు ధరను 'ట్విన్ షేరింగ్' (గదికి ఇద్దరు) లెక్కన ప్రకటిస్తాయి. తోడు లేని మనిషి అదనంగా కట్టాలి. భర్త పోయాక తొలిసారి ప్రయాణం కట్టిన పెద్దావిడకు ఇది అన్యాయం. పారిస్, రోమ్ నగరాల్లో బస పన్ను మాత్రం తలకు ఇంత అని పడుతుంది. అక్కడ ఇద్దరుంటే రెట్టింపు. మంచాల విషయంలో జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది: ఒకే చట్రంలో రెండు పరుపులు, ఎవరి దుప్పటి వారిది. కానీ కొత్త హోటళ్లు కొన్ని బాత్రూమ్‌కు గాజు గోడ పెడుతున్నాయి. గదిలో దిగేవారు దంపతులే అన్న నమ్మకంతో గీసిన నమూనా అది. తల్లీకొడుకులు, ఇద్దరు స్నేహితులు, ఒకే ఆఫీసు నుంచి వచ్చిన సహోద్యోగులు ఆ గదిలో ఎలా స్నానం చేయాలో గీసినవారు ఆలోచించలేదు. గది బుక్ చేసేటప్పుడే ఆ గోడ సంగతి అడగడం మేలు.