పర్మినెంట్ అనే మాట ఎక్కడిది?



మన గుమ్మడిదల, బొంతపల్లి వైపు ప్రార్థన మనవుల్లో తరచుగా వినబడే ఇంగ్లీషు మాట పర్మినెంట్. "అయ్యగారూ, మావాడు ఇంకా పర్మినెంట్ కాలేదు, ప్రార్థన చేయండి" అంటారు. పిల్లనిచ్చేవాళ్లు జీతం కంటే ముందు అదే అడుగుతారు. ఇంతమంది బతుకులు ఆనుకొని ఉన్న ఈ మాట పుట్టుక చూద్దాము.

లాటిన్‌లో 'మనేరె' అంటే నిలిచి ఉండుట. ముందు 'పెర్' చేరితే చివరిదాకా నిలుచుట. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి, అక్కడినుండి మన కంపెనీ గేటు దగ్గరకు వచ్చింది. టెంపరరీకి మూలం 'తెంపుస్', కాలము. క్యాజువల్‌కు మూలం 'కదెరె', అంటే పడుట. అనుకోకుండా వచ్చిపడేది క్యాజువల్. మనమూ "పని పడింది" అంటాము కదా!

ఈ మాటలకు మన చట్టంలో చోటిచ్చినది 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం. దాని కింద చేసిన నమూనా నిబంధనల్లో కార్మికులు మొదట ఆరు రకాలు: పర్మినెంట్, ప్రొబేషనర్, బద్లీ, టెంపరరీ, క్యాజువల్, అప్రెంటిస్. ఆరింటిలో బద్లీ ఒక్కటే మన దేశంలో వాడుకలో ఉన్న మాట. మన బదిలీ దాని చుట్టమే.

తర్వాత 1970లో కాంట్రాక్ట్ కార్మికుల చట్టం వచ్చింది. ఒక పనిలో కాంట్రాక్ట్ పద్ధతిని నిషేధించే ముందు ప్రభుత్వం ఏమేమి చూడాలో దాని పదో సెక్షన్ చెప్పింది. వాటిలో ఒకటి, ఆ పని 'పెరెనియల్' స్వభావం గలదా అన్నది. ఇందులోనూ అదే 'పెర్' ఉంది. 'అన్నుస్' అంటే సంవత్సరము. పని ఏడాది పొడవునా ఉంటుంది, చేసేవాడు మాత్రం కాగితం మీద తాత్కాలికుడు. పదేళ్లు ఒకే మెషిన్ దగ్గర నిలబడినవానిని టెంపరరీ అనడం అబద్ధమాడటమే అని మేము అనుకొంటాము.

బైబిలులోనూ ఈ మాట చుట్టాలున్నారు. జెరోము 382 నుండి సువార్తల లాటిన్ అనువాదాన్ని సరిదిద్దాడు. యోహాను 14:2లో మనకు 'నివాసములు' అన్నచోట అందులో 'మాన్సియోనెస్' అని ఉంది. అదీ 'మనేరె' నుండి వచ్చినదే. రోమా రోడ్ల మీద బాటసారులు రాత్రి ఆగే మజిలీని కూడా మాన్సియో అనేవారు. 1526లో టిండేల్ ఇంగ్లీషులో 'మాన్షన్స్' అని పెట్టాడు. అప్పట్లో దానికి ఉండే చోటు అనే అర్థం; పెద్ద బంగళా అనేది తర్వాత వచ్చింది. పరలోకంలో విల్లాలు పంచిపెట్టే బోధకులు ఇది కొంచెం గమనిస్తే బాగుండును.

హెబ్రీ 13:14లో ఇక్కడ మనకు లేదన్న పట్టణానికి లాటిన్ బైబిలు వాడిన విశేషణం 'మనెంతెం'. పర్మినెంట్‌లోని ముక్కే అది. మన తెలుగు బైబిలులో ఆ చోట ఉన్నది 'నిలువరమైన' అనే మాట. దానికి రెండు వచనాల ముందు, యేసు శ్రమపడినది గవిని వెలుపల అని ఉంది. గవిని అంటే ఊరి కోట గేటు.